నిషేధించండి, పతకాలు వాటంతటవే వస్తాయి

ఒలింపిక్స్ ముగిసిన ప్రతిసారీ మన దగ్గర ఒక ఏడుపు మొదలవుతుంది. నిధులు లేవంటారు, మైదానాలు లేవంటారు, కోచ్‌లు లేరంటారు. పాపం, వీళ్లలో ఒక్కరూ స్కేట్‌బోర్డింగ్ చరిత్ర తిరగేసినట్టు లేరు. తిరగేసి ఉంటే మనకు దేని కొరతో ఇట్టే తెలిసిపోయేది. మనం పిల్లలకు ఆటలు వద్దని ఇంట్లో చెబుతున్నాం, అంతే. గెజెట్‌లో అచ్చేసి, బెంచీలకు ఇనుము బిగించి, పోలీసు జీపు పంపి చెప్పడం లేదు. నాలుగు చక్రాలున్న రెండున్నర అడుగుల చెక్కని ప్రపంచ ప్రభుత్వాలన్నీ అలా తరిమితరిమి చివరికి ఒలింపిక్స్‌లోకి తోశాయి. ఇంతటి విజయవంతమైన క్రీడా విధానం ఇంకొకటి నాకు కనబడదు.

ఈ విషయంలో నార్వే దూరదృష్టికి దండం పెట్టాలి. 1978లో అక్కడి ప్రభుత్వం స్కేట్‌బోర్డుల అమ్మకాన్నీ వాడకాన్నీ కలిపి నిషేధించింది. అమెరికాలో పిల్లలు పడి ఎముకలు విరగ్గొట్టుకుంటున్నారని కబురు అందింది మరి. నార్వే వాళ్లు మామూలుగా ప్రమాదానికి భయపడే రకం కాదు. కొండ మీద నుంచి రెండు కర్రల మీద జారి, గాల్లో వంద మీటర్లకు పైగా ఎగిరి మంచులో దిగే స్కీ జంపింగ్ వాళ్లకు జాతీయ గౌరవం. కానీ మంచు మీద విరిగే కాలు వేరు, కాలిబాట మీద విరిగే కాలు వేరు. మొదటిది దేశభక్తి, రెండోది అల్లరి.

ఆ నిషేధం 1989 దాకా సాగింది. ఆ పదకొండేళ్లలో నార్వే కుర్రాళ్లు పక్కనే ఉన్న స్వీడన్ నుంచి బోర్డులు గుట్టుగా తెచ్చుకున్నారు. ఎవరి కంటా పడకుండా అడవుల్లో ర్యాంపులు కట్టుకున్నారు. గమనించండి. పదిహేనేళ్ల పిల్లాడికి సరిహద్దు దాటడం, వడ్రంగం, స్థలం ఎంపిక, చీకట్లో అడవిదారి పట్టడం, కన్నవాళ్లకు పొంతన కుదిరేలా అబద్ధం చెప్పడం, ఇన్ని విద్యలు ఒక్క రూపాయి ఫీజు లేకుండా నేర్పిన శిక్షణ కేంద్రం ఇంకెక్కడైనా ఉందా? అదే ప్రభుత్వం ప్రోత్సహించి ఉంటే ఏం జరిగేది? ఒక సంఘం పుట్టేది, దానికో అధ్యక్షుడు, ఆయన బావమరిది కోశాధికారి. చెట్లన్నీ చెట్లలాగే ఉండేవి.

కాలిఫోర్నియాలో ఈ సత్కార్యం కరువు చేసింది. 1976, 77ల్లో వానలు మొహం చాటేస్తే సంపన్నుల పెరళ్లలోని ఈతకొలనులు ఎండిపోయాయి. అక్కడి కొలను అడుగు గుండ్రంగా, గిన్నెలా ఉంటుంది. శాంటా మోనికా, వెనిస్ ప్రాంతపు కుర్రాళ్లు కంచె దూకి, అడుగున మిగిలిన పాచినీళ్లు తోడిపోసి, గుడ్డతో తుడిచి మరీ అందులో బోర్డులు దింపారు. ఇంటాయన వచ్చేదాకా ఆట, పోలీసు వచ్చేదాకా ఇంకో ఆట. సొంత కొలను అంత శుభ్రంగా ఇంటాయన ఏనాడూ కడిగించి ఉండడు. అయినా కేసు పెట్టాడు. సొత్తు సొత్తే.

ఇప్పుడు ఒలింపిక్స్‌లో ‘పార్క్’ అని ఒక విభాగం ఉంది. గిన్నెల్లాంటి గుంతలు, నున్నటి కాంక్రీటు వంపులు, పైన అంచుకి గుండ్రటి కట్టు. అంటే ఏమిటయ్యా? దాదాపు యాభై ఏళ్ల కిందట పిల్లల్ని తరిమిన పెరటి కొలనుకే నీళ్లు లేకుండా, పెరడు లేకుండా ప్రభుత్వ ఖర్చుతో తీసిన నకలు. రెండో విభాగం ‘స్ట్రీట్’. అందులో మెట్లు, మెట్ల పక్కన ఇనుప కమ్మీ, బెంచీల్లాంటి దిమ్మెలు. ఊళ్లో వీధి ఉచితంగా దొరుకుతుంటే కోట్లు పోసి వీధికి నకలు ఎందుకంటారా? అసలు వీధిలో ఆడకూడదని బోర్డు ఉంది కదా.

ఇంత శ్రద్ధగా నకలు తీసిన ఇంజినీర్లు ఒక్కటి మాత్రం వదిలేశారు, ఇనుప బొడిపెలు. వీటిని దగ్గరగా చూడనివాళ్ల కోసం చెబుతాను. గ్రానైటు బెంచీ అంచు మీద స్కేటర్ ముందుగా కొవ్వొత్తి ముక్క రుద్దుతాడు. తర్వాత వేగంగా వచ్చి, ఎగిరి, చెక్క కింద చక్రాలను పట్టి ఉంచే అల్యూమినియం ఇరుసుని ఆ అంచు మీద వేసి కర్‌ర్‌ర్‌మని జారుకుంటూ పోతాడు. కొన్నాళ్లకు మైనం, లోహపు పొడి కలిసి అంచు నల్లగా, కాటుక పెట్టినట్టు తయారవుతుంది. దానికి విరుగుడుగా అంచు పొడుగునా రెండు మూడడుగులకు ఒకటి చొప్పున బొప్పికట్టినట్టు ఇనుప ముక్కలు బిగిస్తారు. చెక్క వాటికి తగిలి ఆగుతుంది, మనిషి ఆగడు. బెంచీ క్షేమం. అలిసిపోయి కూర్చుందామని వచ్చిన ముసలాయన మాత్రం ఏ రెండు బొడిపెల మధ్య ఇముడుతానా అని కొలుచుకుంటూ నిలబడాలి. ఇల్లు లేనివాడు రాత్రి నడుం వాల్చే ఆశ కూడా వదులుకోవాలి. ఒక్క బొడిపెతో ముగ్గురు పౌరుల్ని అదుపులో పెట్టిన ఈ వస్తువుకి ఇంతవరకూ ఏ దేశమూ బిరుదు ఇవ్వకపోవడం అన్యాయం.

ఈ విద్యలో ఫిలడెల్ఫియాది అందె వేసిన చెయ్యి. ఆ నగరం నడిబొడ్డున లవ్ పార్క్ అని ఒక కూడలి ఉంది. గ్రానైటు మెట్లు, గ్రానైటు దిమ్మెలు, మధ్యలో ఫౌంటెన్. 1990లలో స్కేటర్లకు అది పుణ్యక్షేత్రం. ఎక్కడెక్కడి నుంచో వీడియోలు తీసుకోవడానికి వచ్చేవారు. నగర పెద్దలు తగిన విధంగా స్పందించారు. 2001లోనూ 2002లోనూ ఎక్స్ గేమ్స్ అనే సాహస క్రీడల పోటీలను తమ నగరానికే రప్పించుకున్నారు, అదే 2002లో లవ్ పార్కుని మార్చేసి స్కేటర్లను సాగనంపారు. టీవీ కెమెరా ముందు జారితే క్రీడ, కెమెరా లేనిచోట జారితే న్యూసెన్స్. నిర్వచనం ఇంత స్పష్టంగా ఉన్నాక కూడా కుర్రాళ్లకు అర్థం కాకపోతే తప్పు ఎవరిది?

కుర్రాళ్లనే అనుకుందామంటే ఎడ్మండ్ బేకన్ గారి సంగతి చూడండి. నగర ప్రణాళికలో దిగ్గజం. ఆ పార్కు ఆలోచన చదువుకునే రోజుల్లోనే చేసినవాడు. 92 ఏళ్ల వయసులో, 2002 అక్టోబరులో, నలుగురూ చూస్తుండగా నిషేధాన్ని ధిక్కరించి పక్కవాళ్ల ఊతంతో బోర్డెక్కి కాస్త దూరం జారాడు. తొంభై దాటినా బుద్ధి మారకపోతే ఏ బొడిపె ఆపుతుంది? 2004లో డీసీ షూస్ అనే బూట్ల కంపెనీ పార్కుని స్కేటర్లకు మళ్లీ తెరవండి, నిర్వహణకు 10 లక్షల డాలర్లు మేమిస్తామంది. మేయర్ గారు ససేమిరా అన్నారు. డబ్బు ఇస్తానని పార్టీ వాడు కాకుండా ఆటగాడు వస్తే అనుమానించాల్సిందే.

చివరికి 2016లో పార్కుని తవ్వేసి కొత్తగా కట్టాలనుకున్నారు. తవ్వే ముందు కొద్దిరోజులు అప్పటి మేయర్ ఉదారంగా అనుమతి ఇచ్చారు, వచ్చి స్కేటింగ్ చేసుకోండని. ఫిబ్రవరి చలిలో జనం తరలివచ్చారు. పాడుచేయడానికి ఇక ఏమీ మిగలనప్పుడు ప్రజలకు స్వేచ్ఛ ఇవ్వడంలో ఉన్న సొగసు పాలన తెలిసినవారికే తెలుస్తుంది.

అక్కడి గ్రానైటు పలకలు కొన్ని చిత్రంగా స్వీడన్‌లోని మాల్మో నగరానికి ఓడెక్కాయి. ఆ మాల్మో గురించి హెచ్చరించకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు. అక్కడ స్కేట్‌బోర్డింగ్ చూసుకోవడానికి మున్సిపాలిటీ జీతమిచ్చి ఒక ఉద్యోగిని పెట్టుకుంది. వీధుల్లో, కూడళ్లలో బెంచీలు కట్టేటప్పుడే స్కేటర్లను అడిగి కడతారు. అంతటితో ఆగలేదు, 2006లో బ్రిగ్గేరియెట్ అని ఒక ఉన్నత పాఠశాల కూడా పెట్టారు, అందులో స్కేట్‌బోర్డింగ్ ఒక పాఠ్యాంశం. ఇంటర్లో ఎంపీసీ, బైపీసీ తప్ప మూడో లోకం ఉందని నమ్మని మన తల్లిదండ్రులు ఈ మాట గుండె చిక్కబట్టుకుని వినాలి. అక్కడి పిల్లాడు సాయంత్రం ఇంటికొచ్చి “అమ్మా, ఇవాళ మెట్ల మీద నుంచి పడ్డాను” అంటే ఆవిడ “మార్కులెన్ని వచ్చాయి నాన్నా” అని అడగాల్సి వస్తుంది. తిరుగుబాటు చేయడానికి గోడే లేకుండా చేసేస్తే వయసొచ్చిన పిల్లలు ఎక్కడికి పోవాలి?

మన దేశంలోనూ ఈ జాడ్యం ఒకచోట కనబడింది. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లా జన్వార్ గ్రామంలో 2015లో ఉల్రిక్ రైన్‌హార్డ్ అనే జర్మన్ మహిళ ఒక స్కేట్ పార్కు కట్టించింది. అక్కడ రెండే నియమాలు. బడికి పోకపోతే బోర్డు లేదు, ఆడపిల్లలకు ముందు వంతు. నిషేధం అనేది అక్కడా ఉంది కానీ ఎటు తిప్పారో చూడండి. ఆ ఊరి ఆశా గోండ్ అనే అమ్మాయి 2018లో చైనాలోని నాన్జింగ్‌లో ప్రపంచ పోటీలకు వెళ్లింది. పదకొండేళ్లు అడవిలో దాక్కోకుండానే! ఇలాంటి మినహాయింపుల గురించి ఎక్కువ మాట్లాడకూడదు, సిద్ధాంతం దెబ్బతింటుంది.

తిరిగి మన దారిలోకి వద్దాం. జపాన్ ఆదర్శం. అక్కడ రద్దీ రోడ్ల మీద ఇలాంటి ఆటలు చట్టరీత్యా కుదరవు. స్టేషన్ల ముందు, పార్కుల్లో, మాల్ మెట్ల దగ్గర ‘స్కేట్‌బోర్డు నిషేధం’ బోర్డులు వరసగా కనబడతాయి. ఫలితం? 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్కేట్‌బోర్డింగ్‌కి మొత్తం నాలుగు బంగారు పతకాలుంటే మూడు జపాన్‌వే. మగవాళ్ల స్ట్రీట్‌లో గెలిచిన యుతో హొరిగోమె పెరిగింది కొతో వార్డులో, పోటీ జరిగిందీ అదే కొతో వార్డులో. సొంత పేటలో ఒక పోలీసు కూడా వెంటపడకుండా స్కేటింగ్ చేసుకోవడానికి మనిషి ఒలింపిక్స్ దాకా ఎదగాల్సి వచ్చింది. పట్టుదల అంటే అదీ.

ఆడపిల్లల స్ట్రీట్ విజేతల వేదిక ఇంకా ముచ్చటైనది. బంగారం మొమిజి నిషియాకి 13 ఏళ్లు, వెండి బ్రెజిల్ అమ్మాయి రైసా లియాల్‌కి 13, కాంస్యం ఫునా నకయామాకి 16. ముగ్గురి వయసూ కలిపితే 42. అదే ఒలింపిక్స్‌లో పార్క్ విభాగంలో దిగిన దక్షిణాఫ్రికా స్కేటర్ డల్లస్ ఒబెర్‌హోల్జర్ ఒక్కడి వయసే 46. మళ్లీ 2024 పారిస్‌లో చైనా నుంచి 11 ఏళ్ల జెంగ్ హావోహావో, బ్రిటన్ తరఫున 51 ఏళ్ల ఆండీ మెక్‌డొనాల్డ్ వచ్చారు. మన ఇళ్లలో పదకొండేళ్లంటే ఇంకా చిన్నపిల్ల, యాభై ఒకటంటే ఇంకేం ఆటలు. మధ్యలో ఉన్నది పరీక్షల కాలం, ఆ తర్వాతది ఈఎంఐల కాలం. ఆ లెక్కన ఆటకి ఖాళీ దొరికే వయసు మనం ఇంకా కనిపెట్టలేదు.

పారిస్‌లో రంగస్థలం కూడా గొప్పగా ఎంచారు, ప్లాస్ ద లా కాంకర్డ్. 1793లో పదహారో లూయీ తల తెగిన చోటు. అక్కడ మెట్ల నమూనా, కమ్మీ నమూనా పేర్చి, న్యాయనిర్ణేతల్ని కూర్చోబెట్టారు. హొరిగోమెకి 281.14 పాయింట్లు, అమెరికా కుర్రాడు జాగర్ ఈటన్‌కి 281.04. తేడా పదో వంతు పాయింటు. అదీ హొరిగోమె ఆఖరి ప్రయత్నంలో 97.08 కొట్టి పైకి లేస్తే. ఒకప్పుడు ఇదే విన్యాసానికి వాచ్‌మన్ దగ్గర ఉన్న కొలమానం ఒక్కటే, “పోతావా, పోవా?” దశాంశాలు లేవు, అప్పీలు లేదు.

మూడో స్థానం నైజా హ్యూస్టన్‌ది. వీధి స్కేటింగ్‌లో ఆయన పేరు వినని కుర్రాడుండడు. ఆయన కాంస్య పతకం వారం పది రోజులకే రంగు వెలిసి, అంచులు పెచ్చులూడింది. ఫొటో పెట్టి, కాస్త చెమట తగిలి, స్నేహితుల మెళ్లో వేసినందుకే ఇలా అయిందని వాపోయాడు. పతకం మధ్యలో ఈఫిల్ టవర్ నుంచి తీసిన 18 గ్రాముల ఇనుము ఉంటుంది. ఆ గోపురం నూటముప్పై ఏళ్లకు పైగా ఎండకీ వానకీ చెక్కుచెదరలేదు. పాడైన పతకాలు మారుస్తామని నిర్వాహకులు చెప్పారనుకోండి. అయినా ఇరవై ఏళ్లు మెట్ల మీద పడి లేచిన మనిషి చర్మం కన్నా బహుమతి తోలు పల్చనిదని తేలిపోయింది.

ఇక 2028 ఒలింపిక్స్ లాస్ ఏంజెలెస్‌లో. కొలనులు ఎండిన ఆ నేల మీదే, సెపుల్వెడా బేసిన్‌లో స్కేట్‌బోర్డింగ్ పెడుతున్నారు. నిర్వాహకులకు నాదొక చిన్న విన్నపం. నకలు తీస్తే పూర్తిగా తీయండి. దిమ్మెలకు బొడిపెలు బిగించండి. కంచె కట్టండి, టికెట్టు కొన్న ప్రేక్షకుడు తలుపులోంచి రావచ్చు గానీ ఆటగాడు కంచె దూకే రావాలి. మెట్ల పక్కన ఖాకీ చొక్కా, టార్చిలైటు, విజిల్ ఉన్న వాచ్‌మన్ ఒకడిని కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆయన నిద్రలేచి, చెప్పులు వెతుక్కుని, కేకేసి దగ్గరికి వచ్చేలోపు ఎన్ని విన్యాసాలు పూర్తయితే అన్ని పాయింట్లు. చేత చిక్కితే సున్నా. తప్పించుకున్న ప్రతి ఆటగాడి తరఫునా వాచ్‌మన్‌కి కూడా వెండి ఇవ్వాలి, ఇంతకాలం జీతం సరిగ్గా ఇవ్వకపోయినా ఈ క్రీడకి మొదటి కోచ్ ఆయనే కదా. కాకపోతే ముందే ఒక మాట చెప్పి ఇవ్వండి, మెళ్లో వేసుకుని డ్యూటీకి రావద్దని, చెమటకి రంగు పోతుంది.