'తప్పక చదవండి' గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'తప్పక చదవండి' గారికి,

ఉభయకుశలోపరి. మేం బాగానే ఉన్నాం. మంచం పక్కన పుస్తకాల దొంతరే కాస్త ఒరిగింది, అందులో సగం మీ చలవే.

"ఈమధ్య ఏం చదివావ్?" అని ఎవరైనా అడగడం ఆలస్యం, మీరు ప్రత్యక్షం. "అబ్బ! మొదలుపెడితే కింద పెట్టబుద్ధి కాదు, తప్పక చదవండి!" అంతే. ఎన్ని పేజీలో, ఎక్కడ నత్తనడక నడుస్తుందో, ఎవరికి పడదో ఒక్క ముక్క చెప్పరు. పెసరట్టు బాగుంటుందని చెప్పేవాడు కూడా ఏ సందులో బండో, అల్లం ఘాటు ఎంతో చెబుతాడు. మీరు అడిగినవాడు అంతకుముందు ఏ పుస్తకం సగంలో వదిలేశాడో కూడా కనుక్కోరు. నిజానికి సిఫార్సుకి అంతకన్నా పనికొచ్చే ప్రశ్న లేదు. నచ్చినవి అడిగితే మనిషి గొప్పలు చెబుతాడు, వదిలేసినవి అడిగితే నిజం చెబుతాడు.

నవలల దగ్గర మీ ఆయుధం ఒకటుంది: "చివరి మలుపు మాత్రం చస్తే ఊహించలేవు." మలుపు ఉందని చెప్పాక ఇంకేం మిగిలింది స్వామీ? ఇక ఆ పాఠకుడు కథ చదవడు, కాపలా కాస్తాడు. టీ తెచ్చిన వంటమనిషిని అనుమానిస్తాడు, రెండో పేజీలో దగ్గిన మేనమామని అనుమానిస్తాడు. కొమ్మూరి యుగంధర్, మధుబాబు షాడో నవలలు అద్దెకు తిరిగిన రోజుల్లో మొదటి పేజీలోనే పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసిపెట్టే మహానుభావులుండేవారు. వాళ్లు మీ పూర్వీకులే అని మా అనుమానం. వాళ్లే నయం, రబ్బరుతో చెరిపేస్తే పోయేది.

ఇక నిజ నేరాల పుస్తకాలు. మీ ప్రతాపమంతా ఇక్కడే. నవలకి తేదీ లేకపోయినా నడుస్తుంది. వీటికి మూడు తేదీలు కావాలి: నేరం జరిగింది ఎప్పుడు, పుస్తకం వచ్చింది ఎప్పుడు, ఆఖరి తీర్పు ఎప్పుడు. నోయిడాలో ఆరుషి అనే అమ్మాయి, ఇంట్లో పనిచేసే హేమరాజ్ 2008 మేలో హత్యకు గురయ్యారు. 2013 నవంబరులో ఆ అమ్మాయి తల్లిదండ్రులకి శిక్ష పడింది. అవిరూక్ సేన్ రాసిన 'ఆరుషి' 2015లో వచ్చింది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు వాళ్లిద్దరినీ విడుదల చేసింది. పుస్తకం రెండు తీర్పుల మధ్య ఉంది. మీ మాట విని చదివి మూసేసినవాడి లెక్కలో ఆ దంపతులు ఇంకా జైల్లోనే ఉన్నారు.

కాలిఫోర్నియాలో ఏళ్ల తరబడి దొరకని ఓ హంతకుడి గురించి మిషెల్ మెక్‌నమారా రాసిన 'ఐ విల్ బి గాన్ ఇన్ ద డార్క్' సంగతి ఇంకో తమాషా. ఆవిడ 2016లో చనిపోయింది, మిగతావాళ్లు పూర్తిచేస్తే 2018 ఫిబ్రవరిలో అచ్చయింది, ఏప్రిల్‌లో అక్కడి పోలీసులు ఆ మనిషిని పట్టుకున్నారు. రెండు నెలల తేడా! మొదటి ముద్రణ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికితే అందులో దోషి పేరే ఉండదు. "చివరికి ఎవరో తేలలేదు, డబ్బులు దండగ" అని విసిరికొడితే తప్పు పాఠకుడిదా, మీదా? ఇది దొంగని పట్టుకున్న కథ కాదు, పట్టుకోలేక నిద్రపోని మనిషి కథ అని ఒక్క ముక్క ముందే చెప్పి ఉంటే చాలు.

ట్రూమన్ కపోటీ 'ఇన్ కోల్డ్ బ్లడ్'ని మీరు ఎన్నిసార్లు అంటగట్టారో లెక్కే లేదు. అమెరికాలో కాన్సాస్‌లోని హోల్కంబ్ అనే పల్లెలో 1959 నవంబరులో ఒకే ఇంట్లో నలుగురి హత్య. అద్భుతంగా రాశాడు, కాదనం. ప్రతి మాటా నిజమేనని కూడా చెప్పుకున్నాడు. చివర్లో శ్మశానం దృశ్యం మాత్రం ఆయన కల్పన. అందుకే దీన్ని 'నిజంలాగా రాసిన నవల' అని చేతికివ్వాలి. మరి తక్కిన పుస్తకాల్లో కల్పన పట్టుకోవడం ఎలా? ముందుగా పుస్తకం వెనకున్న పేజీలు తిప్పండి. ఏ మాట ఎక్కడిదో చెప్పే ఆధారాల పేజీలున్నాయా? లేవనుకుందాం. గదిలో ఉన్న ఇద్దరూ చచ్చిపోయారు, వాళ్ల సంభాషణ మాత్రం కొటేషన్లలో అక్షరం పొల్లుపోకుండా ఉంది. విన్నదెవరు, గోడమీది బల్లా?

నడిమధ్యలో నున్నటి కాగితం మీద ఫొటోలుంటాయి చూశారా, వాటి కింద ఒక్కో లైను ఉంటుంది. 'అరెస్టయిన రోజు ఫలానావాడు' అని. 120వ పేజీలో ఉన్నవాడికి 300వ పేజీ గుట్టు అక్కడే విప్పేస్తారు. పుస్తకం ఇచ్చేటప్పుడు ఆ కాగితాల చుట్టూ ఓ రబ్బరుబ్యాండు వేసి ఇస్తే మీ చేతులేం అరగవు.

ఇంకోటి, సినిమా చూసి పుస్తకం సిఫార్సు చేసే మీ కొత్త అలవాటు. డేవిడ్ గ్రాన్ 'కిల్లర్స్ ఆఫ్ ద ఫ్లవర్ మూన్' (2017) ఓక్లహోమాలో చమురు డబ్బు కోసం ఓసేజ్ అనే ఆదివాసీ తెగవాళ్లని చంపిన నిజ కథ. 2023 సినిమాలో కుట్రదారు ఎవరో ముందుగానే తెలిసిపోతుంది, పుస్తకం చాలాసేపు దాస్తుంది. కాబట్టి సినిమా చూశాడో లేదో అడిగి మరీ చెప్పాలి. పుస్తకం మూడు భాగాలు. రెండోది అయ్యేసరికి కేసు తేలినట్టుంటుంది, చాలామంది అక్కడ మూసి అరలో పెట్టేస్తారు. మూడో భాగంలో రచయిత స్వయంగా పాత కాగితాలు తవ్వుతాడు, చంపింది ఆ కొద్దిమందే కాదని, చావులు లెక్కకెక్కినవాటికన్నా ఎక్కువని బయటపడుతుంది. ఒళ్లు జలదరించేది అక్కడ. "మూడో భాగం ఎలా ఉంది?" అని మిమ్మల్ని అడిగి చూశాం. "సూపర్, తప్పక చదవండి" అన్నారు.

పసిపిల్లల మీద నేరాలున్న పుస్తకాన్ని బాలింతకి బహుమతిగా ఇప్పించిన ఘనత కూడా మీదే. దాని గురించి రాయడానికి ఈ కాగితం చాలదు.

ఇట్లు,
మీ మాట విని కొన్న పాఠకులు

తా.క.: "నా దగ్గర కాపీ ఉంది, ఇస్తాలే" అన్నారు. ఆ కాపీ మాదే. అట్ట లోపల మా పేరుంటుంది చూడండి. 40వ పేజీ దగ్గర బస్సు టికెట్టు పెట్టి ఉంటుంది, అది మాత్రం మీదే.