రాతి వంతెనకి సిమెంట్ మెత్తిన మహానుభావులారా!

పొద్దున దుగ్గిరాల దాటి అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్తుంటే, కాలవ మీద రాతి వంతెన దగ్గర ఆటో ఆగింది. చూద్దును కదా, నలుగురు కుర్రాళ్లు పిట్టగోడకి సిమెంట్ మెత్తుతున్నారు. ఒక వైపు వంగపండు రంగు కూడా కొట్టేశారు. ఎందుకు బాబూ అంటే, "రాళ్లు పాతగా కనపడుతున్నాయి మేడమ్, నీట్‌గా ఉంటుందని" అన్నాడొకడు. పాత వంతెన పాతగా కాక పెళ్లికూతురులా కనపడాలా?

అది డంగు సున్నంతో కట్టింది నాయనా. సున్నం, ఇసక గానుగలో పోసి ఎద్దుల చేత తిప్పించి నూరేవాళ్లు. ఆ సున్నం తడి పీల్చుకుంటుంది, ఎండ రాగానే వదిలేస్తుంది. పైన సిమెంట్ పూస్తే తడికి బయటికి దారుండదు. నాలుగు వానాకాలాలకి పూత పొక్కి, రాతి పెచ్చుల్ని కూడా లాక్కుని ఊడుతుంది. అప్పుడేమంటారో మీకు తెలుసుగా. "పాడైపోయింది, కొట్టేద్దాం."

ఈలోగా బైకు మీద ఇంకో మేధావి. "అసలు ఈ ఎత్తేంటండీ మధ్యలో, నడుములు పోతున్నాయి." కింద నుంచి పడవలు పోవాలయ్యా! కమాను లేపింది అందుకే. సీతానగరం నుంచి పెదగంజాం దాకా కొమ్మమూరు కాలవ, అక్కణ్నుంచి బకింగ్‌హామ్ కాలవలో మద్రాసు దాకా పడవలే. గాలి లేకపోతే గట్టు మీద నడుస్తూ మనుషులే తాడు పట్టి లాగేవాళ్లు. 2008లో కాకినాడ–పుదుచ్చేరి జాతీయ జలమార్గం అన్నారు, చప్పట్లు కొట్టాం. ఇప్పుడు మా కాలవలో ప్రయాణిస్తున్నవి గుర్రపుడెక్క, బిర్యానీ కవర్లు.

ఆ కమానులో ఒక్క ఇనప ఊచ లేదు. పైన వెడల్పుగా, కింద సన్నంగా చెక్కిన రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడతాయి. బరువు పడితే ఇంకా బిగుస్తాయి. తుప్పు పట్టడానికి ఇనుమేదీ? అలాంటిదానికి మేకప్పు!

ఒక పెద్దాయనైతే, "కాటన్ దొర బ్యారేజీ కట్టబట్టే కదమ్మా ఈ నీళ్లు" అన్నారు. విజయవాడలో కృష్ణ మీదున్న ప్రకాశం బ్యారేజీ 1957దండీ! దొర నాటిది 1855లో పూర్తయిన ఆనకట్ట, అది 1952లో తెగింది. దగ్గరుండి కట్టించిన కెప్టెన్ ఆర్ పేరు మాత్రం ఒక్కళ్లకీ గుర్తుండదు. సర్లెండి, ఎవరితో చెప్పుకోను.

సిమెంట్ అంటే నాకు మంట ఇవాళ్టిది కాదు. తాతయ్య కట్టిన సున్నపు గోడల ఇంటికి మా బాబాయి ఇలాగే సిమెంట్ పూయించాడు. మూడేళ్లలో చెమ్మ నడుము దాకా ఎక్కింది. "ఇల్లు పాతదైపోయిందమ్మా" అంటూ ఆయనే పడగొట్టించి డూప్లెక్సు లేపాడు. టేకు దూలాలు ఎవరికి అమ్మాడో, ఎంతకి అమ్మాడో ఇప్పటికీ చెప్పడు. నాన్న అడగలేదు, మొహమాటం.

ఆదివారం ఆ డూప్లెక్సులో సత్యనారాయణ వ్రతమంట, రమ్మని ఇందాకే ఫోన్. ముందు దూలాల లెక్క చెప్పు బాబాయ్, అప్పుడొస్తా ప్రసాదానికి.