నిద్రపోయే హక్కు ఫోనుకెవరిచ్చారు?

లోకంలో అన్యాయాలకు లోటు లేదు గానీ, బిర్యానీ ఆర్డర్ల యాప్ రాసేవాడికి జరుగుతున్నంత అన్యాయం ఇంకెవరికీ జరగడం లేదు. 2015లో ఆండ్రాయిడ్ 6 వచ్చి, కదలకుండా పడున్న ఫోనును డోజ్ పేరుతో జోకొట్టింది. 2017లో ఆండ్రాయిడ్ 8 తెర వెనక నడిచే బ్యాక్‌గ్రౌండ్ సర్వీసుల గొంతు నొక్కింది. ఆండ్రాయిడ్ 15 అయితే బరితెగించి, డేటా సింక్ రకం (సర్వర్‌తో సమాచారం ఇచ్చిపుచ్చుకునే) ఫోర్‌గ్రౌండ్ సర్వీసుకు, అంటే నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే పనికి, 24 గంటల్లో 6 గంటలే ఇస్తానంటోంది. ఏడో గంటలో మన కూపన్ల గతేమిటి?

యాప్ మూసి ఉన్నా పనులు చేయించే ఆండ్రాయిడ్ లైబ్రరీ వర్క్‌మేనేజర్ వాడమంటారు. పదేపదే చేసే పీరియాడిక్ పనికి కనీస వ్యవధి 15 నిమిషాలట. ఒక నిమిషం అని రాస్తే లాగ్‌లో (యాప్ నడకను రాసుకునే చిట్టాలో) ఓ ముక్క గొణిగి 15 చేసేస్తుంది. ఆ పని చేసే కోడ్ ముక్క, అంటే మామూలు వర్కర్, పది నిమిషాలు దాటితే ఆపేస్తుంది.

అయినా మన వీరులు లొంగలేదు. యాప్ తెరిచినప్పుడల్లా అదే పీరియాడిక్ పనిని కొత్తగా ఎన్‌క్యూ చేస్తారు, అంటే వరుసలో పెడతారు. యూనిక్ పేరు పెట్టి 'కీప్' (ఉన్నదాన్నే ఉంచు) అంటే ఒక్కటే మిగులుతుంది, మరి మన జనబలం ఏమవ్వాలి? సర్వర్ 400 (నీ రిక్వెస్టే తప్పు) అని మొహాన కొట్టినా రిట్రై (మళ్లీ ప్రయత్నించు) అంటారు. 30 సెకన్లు, నిమిషం, రెండు నిమిషాలు... 5 గంటల గరిష్ఠం దాకా విరామం పెరుగుతుందే తప్ప ఆ తప్పు రిక్వెస్ట్ ఒప్పవదు. రిట్రై నెట్‌వర్క్ పోయినప్పుడు, 500లు (సర్వర్ వైపు తప్పులు) వచ్చినప్పుడు చెయ్యాలని, అదీ ప్రయత్నాలు లెక్కపెట్టి ఆపాలని పిరికివాళ్లు అంటుంటారు. ఇక 'క్యాచ్ ఎక్సెప్షన్' అని ఏ పొరపాటునైనా పట్టే వల వేసి, కొరూటీన్ (మధ్యలో ఆగి సాగగల పని) రద్దు సంకేతాన్ని కూడా మింగేసి, ఆపమన్నా ఆగని వర్కర్లది వేరే స్థాయి.

అసలు ఘనత ఆర్డర్ పంపడంలో ఉంది. సర్వర్ ఆర్డర్ తీసుకుంది, జవాబు చేరేలోపు ఫోనులో యాప్ ప్రాసెస్ చచ్చింది, వర్కర్ మళ్లీ లేచి మళ్లీ పంపింది. కస్టమర్‌కు రెండు బిర్యానీలు, రెండు బిల్లులు. ఆర్డర్‌కో కీ (గుర్తింపు ముద్ర) తయారుచేసి, ఎన్‌క్యూకి ముందే డేటాబేస్‌లో దాచి, ప్రతిసారీ అదే పంపితే సర్వర్ గుర్తుపట్టి రెండోదాన్ని వదిలేస్తుంది. కొందరు కీ పెడతారు, కానీ వర్కర్ లేచిన ప్రతిసారీ నడిచే డూవర్క్ లోపలే పుట్టిస్తారు. ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ, కొత్త బిర్యానీ. నిజాయితీగా చెప్పాలంటే అమ్మకాలు పెరుగుతాయి.

ఐఫోన్‌లో ఈ బాధ ఇంకో రకం. అక్కడ తెర వెనక పనికి మనం ఇచ్చే సమయం 'దీనికి ముందు లేపకు' అని మాత్రమే, 'అప్పుడే లేపు' అని కాదు. ఫోను వాడే ఆయన యాప్‌ను పైకి తోసి మూసేస్తే, తనే మళ్లీ తెరిచేదాకా సమాచారాన్ని తాజా చేసే రిఫ్రెష్ టాస్క్ నడవదు.

అందుకే మా డిమాండ్: ఛార్జింగ్ ఆదాకు యాప్‌లను కట్టేసే బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి మినహాయింపు. కీలకమైన పని ఆగిపోయే యాప్‌లకు తప్ప దాన్ని నేరుగా అడగనివ్వమని ప్లే స్టోర్ అంటోంది. అర్ధరాత్రి రెండింటికి కూపన్ నోటిఫికేషన్ కీలకం కాదని వాళ్లకెవరు చెప్పారో!