కెప్టెన్ వ్యోమనౌకిపోయాడు

రెండు టీవీ సీరియళ్ళ లోకాల్ని ఒకే కథలో కలపడం కష్టమనుకునేవాళ్ళు అలాంటి కథల పుస్తకం ఎప్పుడూ అచ్చు వేయించి ఉండరు. కలపడంలో ఏముంది? డాక్టర్ హూలో 1963 నుంచీ ఓ నీలం పోలీసు డబ్బా తిరుగుతూనే ఉంది, డాక్టర్ అనే హీరో కాలయంత్రం అది. పరిసరాల్ని బట్టి వేషం మార్చాల్సిన సర్క్యూట్ చెడిపోయి ఆ రూపంలోనే ఇరుక్కుపోయింది. ఏ కాలంలోనైనా, ఏ గ్రహం మీదైనా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సోడా బండి పక్కనైనా దిగుతుంది. 1966లో మొదలైన స్టార్ ట్రెక్ వాళ్ళ దగ్గర మనుషుల్ని నౌకలోంచి క్షణంలో నేలమీదకి పంపే ట్రాన్స్‌పోర్టర్ ఉంది. వారం వారం నౌకను నేలమీద దించే సీను తీయడానికి డబ్బు చాలక పుట్టిన యంత్రం అది. ఇక మనుషుల్ని పట్టుకుని యంత్రాలుగా మార్చే స్టార్ ట్రెక్ బోర్గ్‌లూ, అదే కులవృత్తిగా బతికే డాక్టర్ హూ సైబర్‌మెన్‌లూ ఎదురుపడితే వియ్యమందక ఏం చేస్తారు? 2012లో ఓ కామిక్ ఆ లగ్నం అధికారికంగానే పెట్టించింది.

కష్టమంతా లాప్‌టాప్‌కీ స్టేప్లర్‌కీ మధ్య ఉంది.

పుస్తకం ఇదీ: ఏడు కథలు, ఏ5 సైజు, 64 పేజీలు, 50 కాపీలు. పాత్రలు వేరేవాళ్ళ సొత్తు కాబట్టి అమ్మకం లేదు. ఖర్చు చందాలతో, లోపలి పేజీలో ‘ప్రైవేటు సర్క్యులేషన్‌కి మాత్రమే’. రాసినవాళ్ళు ఏడుగురు, సంపాదకుడు ఒకడు, ప్రూఫులు చూడ్డానికి ఆ సంపాదకుడి పిన్ని. ఆవిడ రిటైరైన తెలుగు టీచరు. ఒత్తు తప్పితే క్షమించదు గానీ ఈ సీరియళ్ళలో ఒక్కటీ చూడలేదు.

మూడు వారాలు వార్ప్ 10 మీద కొట్టుకున్నారు. వార్ప్ అంటే స్టార్ ట్రెక్ నౌకల వేగం కొలత. పాత సీరియల్ లెక్కలో వార్ప్ అంకెను ఘనం చేస్తే కాంతివేగానికి ఎన్ని రెట్లో వస్తుంది. వార్ప్ 6 అంటే 216 రెట్లు. 1987లో వచ్చిన కొత్త స్టార్ ట్రెక్ సీరియల్ లెక్కలో వార్ప్ 10 అంటే అనంతం, ఎవరూ అందుకోలేరు. మూడో కథలో ఒకాయన పాత నౌకని కొత్త లెక్కలో నడిపాడు. ఆ గొడవ న్యాయమైనదే. కాకపోతే ఆ హడావుడిలో ఒకరు ‘ఓడ’ అనీ, ఇంకొకరు ‘నౌక’ అనీ, మరొకరు ‘స్పేస్‌షిప్’ అనీ రాసిన సంగతి ఎవరికీ పట్టలేదు.

పట్టింది శుక్రవారం రాత్రి పదకొండింటికి. పొద్దున్నే డీటీపీకి ఇవ్వాలి. సంపాదకుడు ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, పైన ‘ఓడ’, కింద ‘వ్యోమనౌక’ కొట్టి, రీప్లేస్ ఆల్ నొక్కి పడుకున్నాడు.

తెలుగులో గుడి, కొమ్ము అక్షరానికి అతుక్కున్నట్టు కంటికి కనిపిస్తాయి. కంప్యూటర్ అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో మాత్రం వాటికి విడి కోడ్‌లుంటాయి. ‘ఓడి’ అంటే ఓ, డ, ఆ తర్వాత గుడి. వెతికే సాఫ్ట్‌వేర్‌కి మొదటి రెండూ దొరికితే చాలు, వాటిని పీకేసి కొత్త మాట పెట్టేస్తుంది. మిగిలిన గుడి అనాథలా వెళ్ళి కొత్త మాట చివరి అక్షరాన్ని పట్టుకుంటుంది. అలా స్టార్ ట్రెక్‌లోని యోధజాతి క్లింగన్లు వ్యోమనౌకిపోయారు. ‘డాలెక్‌లను వ్యోమనౌకించడం ఎవరి తరం?’ అని తన పాత శత్రువుల్ని తలుచుకుని డాక్టర్ నిట్టూర్చాడు. ఆరో కథలో కెప్టెన్ కళ్ళ నీళ్ళతో ‘నేను జీవితంలో వ్యోమనౌకిపోయాను’ అన్నాడు.

పోనీ ‘పూర్తి మాట మాత్రమే’ అన్న గడిలో టిక్కు పెడితే? అప్పుడు ఓడలో, ఓడను, ఓడకి అన్నీ తప్పించుకుంటాయి. ఇంగ్లీషు కోసం చేసిన గడి అది, మన విభక్తుల బాధ దానికేం తెలుసు! ఒక్కో రూపం విడివిడిగా వెతికి, ప్రతిచోటా ఆగి చూసి మార్చడం తప్ప దారి లేదు. 64 పేజీలకి గంటన్నర పని.

మరి పిన్ని?

“చూశాన్రా. ఏదో సైన్సు మాట అనుకుని వదిలేశాను. వ్యోమనౌకిపోవడం అంటే చచ్చిపోవడమే కదూ?”

అన్నీ దిద్దారు, ఒక్కటి తప్ప. నాలుగో కథలో ‘వ్యోమనౌకలు బళ్ళవుతాయి, బళ్ళు వ్యోమనౌకలవుతాయి’ అని పడింది. అది బాగుందని ఉంచేశారు.

డీటీపీ షాపు మెట్లు దిగి వెళ్ళే సెల్లార్‌లో ఉంది. అక్కడ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, దానికి తగ్గ తెలుగు అను ఫాంట్లు. పేజ్‌మేకర్‌కి తెలుగు యూనికోడ్ అర్థం కాదు. అందుకని మేటర్ని కన్వర్టర్‌లో వేసి అనులోకి మారుస్తారు. అందులో తెలుగక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీద కూర్చుని ఉంటాయి. ఇక్కడ రెండు ప్రమాదాలు. మొదటిది, ‘స్టార్‌ఫ్లీట్’ మధ్యలో ‘ర్’ని విడిగా నిలబెట్టే కనపడని అక్షరం ఒకటుంటుంది. స్టార్ ట్రెక్‌లో రోములన్ల నౌకలా మాయమై కాపలా కాస్తుంటుంది. కన్వర్టర్ దాన్ని మింగేస్తే ‘స్టార్ఫ్లీట్’ అని ముద్దయిపోతుంది. రెండోది, క్లింగన్ భాషలోని డైలాగుల్ని రచయిత ఇంగ్లీషు లిపిలో రాశాడు. వాటికీ అను ఫాంటే తగులుకుని తలకట్లు, ఒత్తులు, సున్నాలు గుట్టలుగా పడ్డాయి.

క్లింగన్‌లో ఎదుటివాణ్ణి పలకరించే మాట ‘నుక్‌నెహ్’. అర్థం: ఏం కావాలి? షాపులో అడుగుపెట్టగానే ఆపరేటర్ తలెత్తకుండా అన్న మొదటి మాటా అదే.

“ఏం గావాలె తమ్మీ?”

“అన్నా, ఈ లైన్లన్నీ పాడయినయ్.”

“గియ్యా? ఇది ఏదో వేరే భాషన్నవు గదా. గిట్లనే ఉంటదేమో అనుకున్న.”

చివరికి బుద్ధి తెచ్చుకుని యూనికోడ్‌లోనే, ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టి పేజీలు కట్టారు. అది పెట్టకపోతే ఒత్తులు ఊడి పక్కన నిలబడతాయి. అక్షరం 11 పాయింట్లు, లైనుకీ లైనుకీ 16. అంతకంటే దగ్గరగా పెడితే పై లైను ఒత్తు కింది లైను గుడిని పొడుస్తుంది. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌తో అమీర్‌పేట జెరాక్స్ షాపుకి వెళ్ళారు.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు గుణకంలో ఉండాలి. 64కి కాపీకి 16 ఏ4 కాగితాలు. పై కాగితం ముందువైపు ఎడమన 64, కుడిన 1. వెనకవైపు ఎడమన 2, కుడిన 63. పక్కపక్కనున్న రెండంకెలు కలిపితే ఎప్పుడూ 65 రావాలి. ఆ లెక్క సంపాదకుడు స్క్రీన్ మీద పదహారు కాగితాలకీ చూసుకున్నాడు. చూడనిది ఒక్కటే: కాగితం ఏ అంచు మీద తిరగాలి అన్నది. అడ్డంగా కట్టిన బుక్‌లెట్ పొట్టి అంచు మీద తిరగాలి. ఆ షాపులో రాత్రింబవళ్ళు నడిచేవి కోర్సు మెటీరియల్స్, ప్రాజెక్టు రిపోర్టులు. వాటికి పొడుగు అంచే కరెక్టు, మెషీన్‌లో అదే సెట్టింగు. ఒక్క కాపీ తీసి, మడిచి చూస్తే రెండు నిమిషాల్లో దొరికే తప్పు. చూడలేదు. ఒకేసారి 800 కాగితాలు తీయించారు.

మొదటి పేజీలో స్టార్ ట్రెక్ నౌక ఎంటర్‌ప్రైజ్ కంట్రోల్ గదిలో డాక్టర్ తన డబ్బా తలుపు తీసి “ఇదేం ఊరు?” అంటాడు. తిప్పితే 63వ పేజీ, తలకిందులుగా. అందులో ఏడో కథ అయిపోవస్తూ, సైబర్‌మన్ ప్రాణం విడుస్తున్నాడు. పుస్తకమంతా ఇదే వరస. రెండు సీరియళ్ళని కలపబోతే ఏడు కథలూ ఒకదాన్నొకటి కలుపుకున్నాయి.

మడత మార్చినా, వరస మార్చినా ఫలితం ఉండదు. వెనకవైపు తిరగబడి అచ్చయినదాన్ని ఏ కాలయంత్రమూ సరిచేయలేదు. మళ్ళీ 800 తీయించారు, ఈసారి నమూనా చూసుకుని. పాత కట్టలు సంపాదకుడి స్కూటీ ముందుభాగంలో వారం రోజులు తిరిగాయి. ఆఖరికి వీధి చివర మిర్చి బజ్జీల బండికి చేరాయి. అచ్చుకాగితంలో తినేవి చుట్టకూడదని ఆహారభద్రత వాళ్ళు చెబుతూనే ఉన్నారు. నూనె మాత్రం బాగానే పీల్చింది.

ఆ సాయంత్రం బండి దగ్గర ఒకాయన బజ్జీలు తినేసి, కాగితం విప్పి, నిలబడి చదవడం మొదలుపెట్టాడు. డాక్టర్ తలుపు తీసేదాకా చదివి తలెత్తాడు.

“భాయ్, దీని రెండో పేజీ ఉన్న కాగితం ఉందా?”

బండాయన అప్పటికే ఆ కట్టలో సగం వాడేశాడు. జల్లెడ గరిటె నూనెలోంచి తీయకుండానే అన్నాడు. “అండ్లనే ఉంటది సార్. 64 ఎనక చూడుండ్రి, ఉల్టా.”