లద్దాఖ్ మట్టి ఇల్లు మెసేజ్ ఫార్వర్డ్ కొట్టే ముందు

వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ తిరుగుతోంది ఇది: లద్దాఖ్‌లో ఇంజనీరు సోనమ్ వాంగ్‌చుక్ వాళ్ళ సెక్మాల్ (SECMOL) అనే బడి క్యాంపస్‌లో బయట మైనస్ 15 ఉన్నా లోపల హీటర్ లేకుండా ప్లస్ 15 ఉంటుందట, అదంతా మట్టి మహిమట, మనమూ అలాగే కట్టుకుంటే ఏసీ అక్కర్లేదట, ఖర్చు తక్కువట, వెయ్యేళ్ళు చెక్కుచెదరదట. లోపల వెచ్చగా ఉండే మాట నిజమే. మిగతాదాంతోనే పేచీ.

వెచ్చదనం ఇచ్చేది మట్టి కాదండీ, ఎండ. ఆ బిల్డింగులు దక్షిణం వైపు చూస్తూ ఉంటాయి, చలికాలంలో ముందు గ్రీన్‌హౌస్ లాగా ప్లాస్టిక్ షీట్ కడతారు. అక్కడి లేహ్ పట్టణంలో డిసెంబర్ మధ్యాహ్నం కూడా సూర్యుడు 35 డిగ్రీల ఎత్తు దాటడు, అందుకే ఎండ గది లోపలిదాకా వచ్చి పడుతుంది, లావు గోడలు ఆ వేడి పట్టుకుని రాత్రంతా మెల్లగా వదుల్తాయి. అదే ఇల్లు ఉత్తరానికి తిప్పి కట్టండి, ఎంత మట్టి వాడినా వణకడమే.

ఇక ఏసీ. గోడ పగలు తాగిన వేడి కక్కాలంటే రాత్రి చల్లబడాలి కదా, మే నెలలో విజయవాడ రాత్రి ఎక్కడ చల్లబడుతుంది, పైగా ఉక్క. వెనకటికి మట్టిగోడల ఇళ్ళవాళ్ళు కూడా వాకిట్లో నవారు మంచాలేసుకుని పడుకున్నారంటే ఊరికే కాదు. అనంతపురం, కర్నూలు వైపు మట్టి మిద్దెలు పగలు చల్లగా ఉంటాయి, కాదనను, అక్కడ గాలి పొడి.

వెయ్యేళ్ళ సంగతి మరీ విడ్డూరం. లేహ్‌లో ఏడాది మొత్తం వాన 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అక్కడ మట్టి గోడ నిలిచేది అందుకే. 2010 ఆగస్టులో ఒక్క రాత్రి కుండపోత పడితే బురద వరదలో 200 మందికి పైగా పోయారు, మట్టి ఇళ్ళు కుప్పకూలాయి (కాంక్రీటువీ దెబ్బతిన్నాయి లెండి). సీమ మిద్దెల మీద కూడా వానలకి ముందు చౌడు మట్టి పోసి తొక్కేవాళ్ళు, ఒక ఏడు బద్ధకిస్తే దూలం పక్కనుంచి కారేది, కింద గిన్నెలే గిన్నెలు. మరి కోనసీమ తుఫానుకి? రాతి పునాది, బయటికి బాగా దింపిన చూరు లేకపోతే గోడ అడుగు నుంచే కరుగుతుంది.

ఖర్చంటారా, మట్టి ఫ్రీ, కూలీ కాదు. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరికితే చెప్పండి.

వేడే మీ బాధ అయితే ముందు స్లాబ్ చూసుకోండి, ఎండాకాలం మనకి సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, వేడి పైనుంచే ఎక్కువ దిగుతుంది. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ (పైకప్పులు వేడెక్కకుండా చూసే విధానం) తెచ్చింది కూడా అందుకే. స్లాబ్ మీద తెల్లపూత, పడమటి గోడకి నీడ, వీటి గురించి ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.