రెండు స్క్రూల పనికి ఇంత గోలా!

సిగ్నల్ దగ్గర బండి ఆగితే చాలు ఐడిల్ (బండి నిలబడ్డప్పుడు ఇంజన్ తిరిగే వేగం) పైకీ కిందకీ ఊగడం, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కితే ఒక్క క్షణం ప్రాణం పోయినట్టై తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకడం. మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ఫిల్టర్ మార్చాడు, ఆఖరికి ఫ్యూయల్ పంపు కూడా మార్చేద్దామన్నాడు. మార్చడం తప్ప చూడటం రాదా బాబూ?

విసుగొచ్చి నేనే మల్టీమీటర్ పట్టుకున్నా. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ (ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పేది) సిగ్నల్ వైరుకి పెట్టి, ఇగ్నిషన్ ఆన్ చేసి, థ్రాటిల్‌ని చేత్తో మెల్లగా తెరుస్తుంటే వోల్టేజి సుమారు 0.5 నుంచి 4.5 దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కాలి కదా, మనది 1.2 దగ్గరికి రాగానే టపీమని సున్నాకి పడి మళ్లీ లేస్తోంది. రోజూ నడిపేటప్పుడు థ్రాటిల్ ఎక్కువగా ఉండే చోటే సెన్సార్ లోపలి ట్రాక్ అరిగిపోయింది! రెండు స్క్రూలు విప్పి కొత్త సెన్సార్ బిగించడం పావుగంట పని.

పాత ప్లగ్గులు మాత్రం ఇంకా డిక్కీలోనే ఉన్నాయి, ఏ రోగమూ లేకుండా.