జాక్ మీదున్న ముందు ఫ్రేము గారికి

మహారాజశ్రీ మినీ కారు ముందు సబ్‌ఫ్రేము గారికి,

విశాఖ మర్రిపాలెం నుంచి మీ యజమాని గారి బావమరిది నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఉభయకుశలోపరి. అంటే మేం బాగానే ఉన్నాం. మీరే ఆటోనగర్ షెడ్డులో జాకుల మీద, మిగతా బోల్టులన్నీ ఊడి, పైనున్న రెండు టవర్ బోల్టుల దయవల్ల వేలాడుతున్నారని తెలిసింది. పక్కనే గ్రైండర్ కూడా పెట్టారట. ఆలస్యం చేస్తే ఈ ఉత్తరం చదువుకోవడానికి మీరు ఒక్క ముక్కగా ఉండరని కంగారుగా రాస్తున్నాను.

మీ ఘనత నాకు తెలియనిది కాదు. కారు బాడీ కింద విడిగా బిగించి, ఇంజిన్నూ ముందు చక్రాలనూ మోసే ఇనప చట్రం మీరు. 1959లో మినీని రూపొందించిన అలెక్ ఇస్సిగోనిస్ గారు పది అడుగుల కారులో నలుగురిని కూర్చోబెట్టాలని ఇంజిన్ను అడ్డం తిప్పేశారు. గేర్‌బాక్సును దాని కిందే, ఆయిల్ సంపులో ఇరికించారు. ఆ బరువంతా మీ నెత్తిన పెట్టారు. అది చాలదన్నట్టు ముందు చక్రాలు, స్ప్రింగుల బదులు అలెక్స్ మౌల్టన్ గారి రబ్బరు కోనులు కూడా మీకే తగిలించారు. అంత మోస్తూ కూడా మీ వాళ్లు 1964, 1965, 1967లో మాంటే కార్లో ర్యాలీ గెలిచారు. 1966లో మొదటి మూడు స్థానాలూ మీ వాళ్లవే, కానీ హెడ్‌లైట్ల మీద పేచీ పెట్టి పక్కకు తప్పించారు. ఈ సంవత్సరాలన్నీ మా బావకు కంఠోపాఠం. మా అక్క పెళ్లిరోజు మాత్రం ఫోనులో అలారం పెడితేనే గుర్తొస్తుంది.

ఇక అసలు విషయం. మా బావ ఈ కారును రేసు కారు చేస్తానంటున్నాడు. మీరు 1976 తర్వాత పుట్టినవారు కాబట్టి మీకూ కారు బాడీకీ మధ్య రబ్బరు మౌంట్లున్నాయి. రోడ్డు అదురు, ఇంజిన్ వణుకు కొంత ఆ రబ్బరు మింగేస్తుంది. మా బావకు అది నచ్చలేదు. రబ్బరు ఉంటే ఫ్రేము అటూ ఇటూ కదులుతుందట, మలుపులో స్టీరింగ్ మాట వినదట. అందుకని రబ్బరు తీసేసి సాలిడ్ మౌంట్లనే అల్యూమినియం ముక్కలు పెట్టి మిమ్మల్ని బాడీకి బిగించేస్తాడు. మాట అబద్ధం కాదు, రేసుల్లో చేసేదే. కాకపోతే ఇన్నాళ్లూ రబ్బరు మింగిన అదురు ఎక్కడికో పోదు కదా. కొంత బావ నడుముకు, చాలా మట్టుకు బాడీ రేకుకు పోతుంది. బిగింపు దగ్గర రేకు బలంగా లేకపోతే అక్కడే చీలుతుంది.

దీనికి తోడు చక్రాలను పట్టి ఉంచే కింది ఆర్ములు మార్చి చక్రాలకు ఒకటిన్నర డిగ్రీల నెగెటివ్ క్యాంబర్ పెడతాడట. చక్రం పైభాగం లోపలికి వాలి ఉంటే, మలుపులో కారు ఒరిగినప్పుడు టైరు నేలకు పూర్తిగా ఆనుతుంది. తిన్నటి రోడ్డు మీద మాత్రం లోపలి అంచే అరుగుతుంది. గాజువాక నుంచి ఎన్ఏడీ దాకా ట్రాఫిక్‌లో మలుపులెక్కడున్నాయో బావే చెప్పాలి. మీ ముందు అడ్డపట్టీని కోసి, బోల్టులతో ఊడదీసే పైపు పెట్టాలని కూడా ఉందట. ఇంజిన్ బేగి దించొచ్చని. ఇంజిన్ ఎందుకు దించాలని అడిగితే, రేసులో అవసరం పడుతుందన్నాడు.

రేసు ఎక్కడ బావా అని అడిగాను. విశాఖపట్నంలో కార్ల రేసు సర్క్యూట్ లేదు. సింహాచలం కొండ రోడ్డు, భీమిలి బీచ్ రోడ్డు రేసు ట్రాకులు కావని పోలీసులకు బావ కన్నా బాగా తెలుసు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై సర్క్యూట్ ఉంది, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉంది. చెన్నై ఇక్కడికి 800 కిలోమీటర్ల దూరం. ఈ అల్యూమినియం మౌంట్ల మీద అంత దూరం తోలితే బావ డాక్టరు దగ్గర దిగాలి. కాబట్టి రేసు కారు లారీ ఎక్కి రేసుకు వెళ్తుంది.

చట్టం సంగతి కూడా మీకు చెప్పడం నా ధర్మం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ వచ్చాక, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మరోపక్క 2021 జులైలో వింటేజ్ బండ్ల నియమాలొచ్చాయి. 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు చేయని బండికి ‘వీఏ’ అనే ప్రత్యేక నంబరిస్తారు. మీకు ఆ వయసు ఇంకో రెండేళ్లలో వస్తుంది. అంటే సన్మానానికి శాలువా కొని ఉంచాక, పెద్దాయన కాలు కోయించడానికి మా బావ ముహూర్తం పెట్టాడు. పోనీ విదేశాల్లో పాత కార్ల రేసులైనా ఆడతాడా అంటే, ప్రపంచ మోటారు క్రీడల సంఘం ఎఫ్ఐఏ వారి పాత కార్ల నిబంధనలు, అంటే అపెండిక్స్ కె కూడా కారు ఆ కాలంలో ఎలా ఉండేదో అలాగే ఉండాలంటుంది. పైపు ముక్క అక్కడ కూడా చెల్లకపోవచ్చు.

ఇదంతా చెప్పినా బావ నవ్వాడు. నవ్వు ఆగింది మేస్త్రి స్క్రూడ్రైవర్ తీశాక. మీ వెనక కొసలు కారు ఫ్లోరుకు బిగించే చోట నల్లటి అండర్‌కోటింగు దట్టంగా, గట్టిగా కనిపిస్తోంది. మేస్త్రి స్క్రూడ్రైవర్ మొన ఆనించి నెమ్మదిగా నొక్కాడు. చప్పుడు కూడా లేదు, పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగేసరికి నల్లటి పెచ్చు ఒకటి ఊడి, అరచేతిలో ఎర్రటి పొడి రాలింది. ఏడాదంతా చందనంలో ఉండే సింహాద్రి అప్పన్న నిజరూపం అక్షయ తృతీయకు చూస్తాం. మా కారుకు ఆ రోజే నిజరూప దర్శనం అయింది, అది కూడా టిక్కెట్టు లేకుండా. సముద్రానికి ఇంత దగ్గరలో ఉన్న ఊళ్లో ఉప్పుగాలి ఎవరినీ వదలదు.

‘ఏటి బాబూ, బోల్టు కొత్తది, రేకు పాతది. బండి కుదిపితే ఏది నిలబడతాది?’ అన్నాడు మేస్త్రి.

బావ కాసేపు ఆలోచించి, ‘ఒరేయ్, రేకు పని ఎవడైనా చేస్తాడు, సాలిడ్ మౌంట్లు వైజాగ్‌లో ఎవడికున్నాయి?’ అన్నాడు.

అదీ సంగతి. తుప్పు కొట్టేసి, కొత్త రేకు కోసి, ప్యాచ్ వేసి, రెడాక్సైడ్ పూస్తే ఎవరూ ఫొటో అడగరు. కారు కింద పడుకుని చూస్తే తప్ప కనపడదు కూడా. మెరిసే అల్యూమినియం ముక్క మాత్రం అరచేతిలో పెట్టుకుని కాఫీ హోటల్లో నలుగురికీ చూపించొచ్చు. గట్టి మౌంట్లు కావాల్సింది గట్టి బాడీకి, అంటే వరసగా చూస్తే రేకు పనే ముందు. ఆ వరస మా బావకు ఎక్కదు. మా ఊళ్లో గ్యారేజీకెళ్లే చాలామందికి ఎక్కదు లెండి, కింద ఫ్లోరు చిల్లుపడ్డా పైన అల్లాయ్ వీల్స్ వేయిస్తారు.

అందుకే నా విన్నపం ఇది. ఆ రెండు టవర్ బోల్టుల్ని గట్టిగా పట్టుకు వేలాడమని మిమ్మల్ని అడగను. శుభ్రంగా ఊడి, కిందికి దిగండి. మీరు దిగితే తప్ప వెనకున్న తుప్పు ఎంతవరకు పాకిందో తెలియదు. దిగాక ఓ మూల, తడి తగలని చోట, గోనెపట్టా మీద పడుకోండి. గ్రైండర్ మీ వైపు రాదు. వెల్డరుకు అడ్వాన్స్ నేనే ఇచ్చాను, ఫ్లోరు రేకుకు, దాని చుట్టూ పట్టీలకు. మీ ఒంటి మీద చెయ్యి వేస్తే మిగతా డబ్బు ఇవ్వనని మేస్త్రికి చెప్పాను. ఆయన ఒప్పుకున్నాడు.

బావకు మాత్రం ఆ అడ్వాన్స్ సాలిడ్ మౌంట్లకని చెప్పాను. మీరు కూడా అలాగే చెప్పండి.

ఇట్లు,
మీ యజమాని బావమరిది